తోటకు కంచె, షెడ్డుకు జాలీ: ఇనుము ఎక్కడ, ప్లాస్టిక్ ఎక్కడ?

ఈసారి పాఠం ఆకు గురించి కాదు, గుడ్ల గురించీ కాదు. కంచె గురించి.

పేర్ణాంబట్టులోనో గుడియాత్తంలోనో హార్డ్‌వేర్ అంగడికి పోతే ముళ్ళకంబి, చైన్ లింకు, వెల్డు మెష్షు, పచ్చ ప్లాస్టిక్ పూత వేసిన కంబి, నైలాన్ వల అని పది రకాలు ముందర పెడతారు. ఇంటి కాంపౌండుకు ఏది బాగుంటాదో, గోడౌనుకు ఏది బాగుంటాదో వాళ్ళు చెప్పగలరు. పట్టుపురుగు సంగతి వాళ్ళకు తెలియదు. మనం ప్రతి పంటకూ షెడ్డంతా బ్లీచింగ్ పౌడరుతో తడిపేవాళ్ళం. మన కంచె పక్కన మొలిచిన ఆకే మన పురుగు నోట్లోకి పోతాది. ఈ రెండు సంగతులు మనసులో పెట్టుకుని సరుకు ఎంచుకోవాలి.

ముందు ఒక్క లెక్క చూడండి. 100 గుడ్ల పంటకు దగ్గర దగ్గర ఒక టన్ను ఆకు కావాలి. అందులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నాలుగో జ్వరం లేచిన తర్వాతి ఏడెనిమిది రోజుల్లోనే పురుగు తినేస్తాది. ఆ వారంలో ఒక రాత్రి మేకల మంద తోటలో పడిందనుకోండి, లేదా జింకలు దిగాయనుకోండి. వేరుశనగలో పడితే కొంత పోతాది, కొంత మిగులుతాది. ఇక్కడ అట్ల కాదు. కోత తోట పోయిందంటే షెడ్డులో ఉండే పురుగుకు మేత లేదు. ఆ సమయంలో బయట ఆకు కొనాలన్నా దొరకదు, దొరికినా దాని మీద ఏ మందు కొట్టారో తెలియదు. అందుకని కంచె ఖర్చును తోట ఖర్చులో కలిపి చూడండి. మిగిలితే చేద్దాంలే అనే పని కాదది.

*ఎవరిని ఆపాలి?*

కంచె కొనేముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. ఊరి మధ్య పొలమైతే మేకలు, ఆవులు. మోర్దానా వైపు, కొండ అంచు పొలాలైతే అడవి పందులు, జింకలు, నెమళ్ళు. ఒక్కోదానికి ఒక్కో తీరు.

ఆవులు, ఎద్దులకు ఐదు వరసల ముళ్ళకంబి చాలు. మేకకు చాలదు, అది వరసల మధ్య దూరిపోతాది. మేకకు నాలుగు అడుగుల జాలీ కంచె కావాలి. జింక ఎగిరి దూకుతాది కాబట్టి ఆరడుగులకు తక్కువైతే లాభం లేదు, ఎనిమిది ఉంటే నమ్మకం. పంది దీనికి పూర్తిగా ఎదురు. దానికి ఎత్తుతో పని లేదు, కిందనే మూతి పెట్టి ఎత్తేస్తాది. పందులు తిరిగే చోట జాలీని ఒక అడుగు లోతు కాలువ తీసి పూడ్చాలి. లేదా జాలీ అడుగున నేలకు ఆనించి రెండు వరసల ముళ్ళకంబి బిగించాలి. పైన ఎంత ఖర్చు పెట్టినా అడుగున సందు వదిలితే కంచె లేనట్టే.

కొందరు పాత చీరలు కడతారు. రంగు చూసి పంది నాలుగు రోజులు జంకుతాది, ఐదో రోజు చీర కిందనుంచే వస్తాది. ఖర్చు లేని పని కాబట్టి తప్పు పట్టం గానీ, ఐదో దశలో పురుగు పెట్టుకుని చీరల మీద నమ్మకం పెట్టుకోకండి.

కొలత కూడా ముందే వేసుకోండి. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. చదరంగా ఉంటే ఒక్కో పక్క 209 అడుగులు, చుట్టూ సుమారు 836 అడుగులు. అదే ఎకరా 100 అడుగుల వెడల్పుతో పొడుగ్గా ఉంటే చుట్టూ 1,072 అడుగులు అవుతాది. పక్కపక్కన చెరో ఎకరా ఉన్న ఇద్దరు అన్నదమ్ములు విడివిడిగా కంచె వేస్తే 1,672 అడుగులు, కలిపి ఒకే కంచె వేస్తే 1,254. దగ్గర దగ్గర 418 అడుగుల కంబి, 50 కూసాలు మిగులుతాయి. మధ్యలో గట్టు ఉంటే చాలదా? మాటలు లేని అన్నదమ్ములైనా ఈ లెక్క చూపిస్తే ఒకసారి కూర్చుంటారు.

*గేజు నోటితో కాదు, తూకంతో*

ఇనుప కంబి మందాన్ని గేజులో చెప్తారు. నంబరు పెరిగేకొద్దీ కంబి సన్నం. 8 గేజు అంటే 4.06 మిల్లీమీటర్లు, 10 గేజు 3.25, 12 గేజు 2.64, 14 గేజు 2.03. చూడటానికి 12కు, 14కు పెద్ద తేడా కనపడదు. కానీ 14 గేజు కంబిలో ఉండే ఇనుము 12 గేజులో ఉండేదానికి నూటికి అరవై పాళ్ళే. తేడా కంటికి తెలియదు కాబట్టే మోసం ఇక్కడే జరుగుతాది.

చైన్ లింకు కొనేటప్పుడు చుట్టను తూకం వేయించండి. 3 అంగుళాల కన్ను, 5 అడుగుల ఎత్తు, 50 అడుగుల పొడుగు ఉన్న చుట్ట 10 గేజులో సుమారు 42 కిలోలు ఉండాలి, 12 గేజులో 28, 14 గేజులో 17. ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. 12 గేజు అని చెప్పి చుట్ట 20 కిలోలే తూగితే కంబి సన్నదైనా ఉండాలి, కన్ను పెద్దదైనా ఉండాలి. తోటకు 12 గేజు చాలు. ఆవులు వచ్చి ఒళ్ళు రుద్దుకునే దారి పక్కన, పందులు ఎక్కువగా ఉండే పక్కన మాత్రం 10 గేజు వేసుకుంటే మంచిది. నాలుగు పక్కలా ఒకే సరుకు వేయాలని ఎక్కడా రాసి లేదు.

ఇంక జింకు పూత. ఇనుము తుప్పు పట్టకుండా కాపాడేది ఈ పూతే. ఇది వట్టి రంగులాగా కప్పుకుని కూర్చోదు. గీత పడిన చోట కూడా జింకు ముందు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతాది. కాబట్టి పూత ఎంత మందం ఉంటే కంచె అన్నేళ్ళు. కరిగిన జింకులో ముంచి తీసిన కంబికి పూత మందంగా ఉంటాది. కరెంటుతో పట్టించిన పూత అద్దంలాగా మెరుస్తాది గానీ చాలా పల్చన, రెండు మూడు వానలకు ఎర్రబడుతాది. అంగట్లో తళతళ మెరిసే చుట్ట చూసి మురిసిపోకండి. ముళ్ళకంబికి ఐ.ఎస్. 278, చైన్ లింకుకు ఐ.ఎస్. 2721, కంబి మీది జింకు పూతకు ఐ.ఎస్. 4826 అని ప్రమాణాలు ఉన్నాయి. చీటీ మీద ఆ నంబరు ఉందా, పూత 'హెవీ' రకమా అని అడగండి. చేత్తో చూసే పద్ధతి ఒకటుంది. ఒక ముక్క కంబిని లావు మేకు చుట్టూ బిగించి చుట్టి, వేలితో గట్టిగా రుద్దండి. పూత పొరలు పొరలుగా రాలితే ఆ చుట్ట వద్దు.

వెల్డు మెష్షు కొనేవాళ్ళు అతుకులు చూడండి. జింకు పూసిన కంబిని తెచ్చి వెల్డింగు చేస్తే అతుకు దగ్గర పూత కాలిపోతాది, తుప్పు అక్కడే మొదలు. వెల్డింగు అయ్యాక జింకులో ముంచిన మెష్షులో అతుకు మీద కూడా పూత నిండుగా కనపడుతాది. ధర కొంచెం ఎక్కువ, అయినా షెడ్డు చుట్టూ వేసేదానికి ఇదే తీసుకోండి.

*పచ్చ పూత కంబి సంగతి*

జింకు కంబి మీద పీ.వీ.సీ. ప్లాస్టిక్ తొడుగు వేసి పచ్చగా అమ్ముతారు. చూడటానికి బాగుంటాది, ఇంటి ముందర వేసుకోవడానికి చాలామంది ఇష్టపడతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. "10 గేజు" అని చెప్పేది ఎక్కువసార్లు ప్లాస్టిక్‌తో కలిపి మందం. లోపల ఇనుము 14 గేజు ఉండొచ్చు. బలం ఇచ్చేది ఇనుమే, ప్లాస్టిక్ కాదు. "లోపల కంబి ఎంత?" అని అడగండి. చివర తొడుగు కొంచెం ఒలిచి చూపించమనండి.

మరి అది దండగా? అన్ని చోట్లా కాదు. మన పక్క పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి తోళ్ళ పరిశ్రమ ఊళ్ళు. ఈ నేలలో, నీళ్ళలో ఉప్పు చేరిన కథ సుప్రీంకోర్టు దాకా పోయింది, 1996లో తీర్పు కూడా వచ్చింది. బావి నీళ్ళు ఉప్పగా ఉండే పొలంలో కంచెకు తుప్పు పైన కాదు, నేలకు ఆనే చోట పడుతాది. అలాంటి పొలంలో అడుగు వరసకు, మట్టిలో పూడ్చే జాలీకి పచ్చ పూత కంబి వేస్తే పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటాది. పైన మామూలు జింకు కంబి చాలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. తొడుగు తెగిన చోట, కోసిన కొసల దగ్గర నీళ్ళు లోపలికి దిగి, బయటికి కనపడకుండా ఇనుమును తింటాయి. కోసిన ప్రతి కొసకూ జింకు రంగు పూసి, పైన తారు లాంటిది పట్టించండి. గట్ల మీద గడ్డి కాల్చే అలవాటున్నవాళ్ళకు పచ్చ పూత అస్సలు వద్దు. ఒక్క మంటకు తొడుగు కరిగిపోతాది.

అమెరికా ఇళ్ళ ఫోటోల్లో తెల్లగా కనపడే వైనైల్ కంచె కూడా పీ.వీ.సీ.నే. లోపల బోలుగా ఉండే పలకలు. అక్కడ ఇంటి ముందర చెక్క కంచెకు బదులు వాడతారు, రంగు వేయనక్కర్లేదని. మన తోటకు అది పనికిరాదు. ఎద్దు ఒక్కసారి ఆనుకుంటే పలక పగులుతాది. పట్నంలో ఇంటి ముందరికి, దుకాణం ముందరికి అయితే సరే. దాని బదులు చవగ్గా వస్తాదని నీళ్ళ పైపులు కోసి కంచె పాతేవాళ్ళున్నారు. ఆ పైపు మట్టిలో ఉండటానికి చేసింది. ఎండలో కొన్నేళ్ళకే పెళుసెక్కి చేత్తో విరిచినా విరుగుతాది.

*కూసాలు, చెదల మందు*

కృష్ణగిరి వైపు నుంచి వచ్చే రాతి కూసాలు మనకు దగ్గర. వాటికి మించినవి లేవు. తుప్పు లేదు, చెద లేదు. సిమెంటు కూసాలు కూడా మంచివే, లోపల కమ్మీ బయటికి కనపడకుండా ఉంటే చాలు. ఐదడుగుల కంచెకు ఏడడుగుల కూసం, రెండడుగులు నేలలోకి, ఎనిమిది నుంచి పది అడుగులకొకటి. మూలల్లోనూ, ప్రతి వంద అడుగులకూ ఏటవాలు ఊతం పెట్టాలి. ఇది మానేస్తే కంబి ఆరు నెలలకే ఊయల అవుతాది.

చెక్క గుంజలు పాతేవాళ్ళు ఇది ఆగి చదవండి. చెదలు పట్టకుండా గుంజ మొదట్లో ఇమిడాక్లోప్రిడ్ పోయమని అంగట్లో చెప్తారు. ఆ మందు వేరు ద్వారా చెట్టులోకి ఎక్కే రకం. గుంజకు రెండు మూడు అడుగుల దూరంలో ఉన్న మల్బరీ వేరు దాన్ని పీల్చుకుంటే ఆకులోకి వస్తాది. పట్టుపురుగుకు ఆ మందు చుక్కలో చుక్క చాలు. ఆకు పచ్చగా, బాగానే కనపడుతాది. మేత వేసిన కాసేపటికి పురుగులు తల ఊపుతూ, పచ్చని రసం కక్కుతూ పడిపోతాయి. ఎక్కడ నుంచి వచ్చిందో అర్థం కాక ఆకు మీద, గుడ్ల మీద, చాకీ సెంటరు మీద నింద వేస్తాం. క్లోరోపైరిఫాస్ వాసన కూడా పురుగుకు పడదు. చెక్కే వాడాలంటే గుంజ మొదలును కాల్చి నల్లగా చేసి పాతండి, తారు పూసి ఆరబెట్టి పాతండి. మందు మాత్రం తోట అంచున వద్దు.

పందులు రాకుండా ఫోరేటు గుళికలు మూట కట్టి కంచెకు వేలాడదీసే పద్ధతి ఒకటి ఇంకా కొన్ని చోట్ల నడుస్తా ఉంది. ఆ మందు 2020 డిసెంబరు 31తో దేశమంతా నిషేధమైంది. పాత నిల్వ ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి. వాన పడితే ఆ మూట కారేది మన మల్బరీ వరసల మీదనే.

ఇనుప గేటుకు, గుంజలకు రంగు వేసే పని గూళ్ళు దించిన మరునాడు పెట్టుకోండి. రంగు వాసన, థిన్నరు వాసన పూర్తిగా పోయాకే కొత్త పురుగు తేవాలి. రంగు చినికిన అంచు వరస ఆకు ఆ పంటకు కోయకండి.

*షెడ్డు కిటికీలు*

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే కనపడతాయి. కిటికీకి జాలీ ఎందుకు? రెండు శత్రువులున్నాయి. ఒకటి ఊజీ ఈగ. 1980కి ముందు అది మన దక్షిణాదిలో లేదు, ఆ ఏడు బెంగాల్ నుంచి గూళ్ళతో పాటు కర్ణాటకకు చేరి, అక్కడి నుంచి మనందరికీ వచ్చింది. పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతాది, నల్ల మచ్చ పడుతాది, గూడు కట్టకముందే పురుగు పోతాది, లేదా గూటికి తూటు పడుతాది. రెండోది ఎలుక. ఒక రాత్రికి ఎన్ని పురుగులు తింటాదో చూసినవాళ్ళకు తెలుసు.

ఈగకు నైలాన్ వల చాలు, సందు లేకుండా ఉండాలంతే. ఎలుకకు నైలాన్ ఒక లెక్కా? పంటితో కొరికి దారి చేసుకుంటాది. అందుకని కొందరు వల తీసేసి సన్న ఇనుప జాలీ ఒక్కటే వేస్తారు. అదీ నిలబడదు. మనం షెడ్డు శుద్ధికి కొట్టేది 0.3 శాతం సున్నపు నీళ్ళలో 2 శాతం బ్లీచింగ్ పౌడరు. 100 లీటర్లకు 300 గ్రాముల సున్నం, 2 కిలోల పౌడరు. అందులో క్లోరిన్ ఇనుమును, జింకును రెండిటినీ తింటాది. అల్యూమినియం జాలీ తుప్పు పట్టదని తెచ్చేవాళ్ళకు సున్నం సంగతి తెలియాలి, సున్నపు ఘాటు అల్యూమినియాన్ని తెల్లగా పొడి చేస్తాది. స్టీలు జాలీ అయినా చవక రకాలకు క్లోరిన్‌తో చుక్కలు చుక్కలుగా తూట్లు పడతాయి. సన్న కంబి ఎంత సన్నమైతే అంత తొందరగా తెగుతాది. ఈగ దూరడానికి ఒక్క తూటు చాలు.

రెండు పొరలు వేయడమే దారి. బయటి పక్క అర అంగుళం కన్ను ఉన్న జింకు వెల్డు మెష్షు, ఎలుకకు, ఉడుతకు. లోపలి పక్క నైలాన్ వల, ఈగకు. వల తీసి ఉతికేటట్టు చట్రానికి బిగించండి, గోడకు మేకులు కొట్టి శాశ్వతం చేయకండి. శుద్ధి చేసేటప్పుడు వలను కూడా అదే మందులో ముంచొచ్చు, కానీ క్లోరిన్‌కు నైలాన్ కూడా మెల్లగా బలహీనపడుతాది. బయటి మెష్షును మాత్రం మందు తన పని చేసి, షెడ్డు తెరిచిన రోజు మంచి నీళ్ళతో కడిగేయండి. ఈ ఒక్క అలవాటుతో మెష్షు చాలా ఏళ్ళు ఎక్కువ వస్తాది.

కిటికీ చట్రానికి, తలుపుకు ప్లాస్టిక్ యూ.పీ.వీ.సీ. రకం వేసుకోగలిగితే అది ఇక్కడ సరిగ్గా సరిపోతాది. బ్లీచింగు తినదు, చెద తినదు, రంగు అక్కర్లేదు కాబట్టి వాసన బాధ లేదు. కొత్తగా షెడ్డు కట్టేవాళ్ళు ఇనుప కిటికీకి, దీనికి ధర అడిగి చూడండి. ఇనుప కిటికీకి ఏడాదికోసారి పడే రంగు ఖర్చు కూడా కలిపి పోల్చండి. పాత షెడ్డులో ఉన్న ఇనుప కిటికీలు పీకేయాల్సిన పని లేదు.

*కరెంటు కంచె*

మన కొండల అవతల కౌండిన్య అభయారణ్యం. 1980లలో హోసూరు, ధర్మపురి అడవుల వైపు నుంచి చిత్తూరు జిల్లాకు ఏనుగులు వచ్చాయి, 1990లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అవి సరిహద్దు చూసి నడవవు, పేర్ణాంబట్టు అడవుల్లోకి దిగుతానే ఉంటాయి. ఏనుగుకు పైన చెప్పిన ఏ కంచే అడ్డం కాదు, కూసాన్ని కాలితో తోసేస్తాది. ఆ కోపంలోనే కొందరు స్తంభం నుంచి నేరుగా కరెంటు తీసి కంచెకు ఇస్తారు.

2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర అలాంటి కంచెకు మూడు ఆడ ఏనుగులు చచ్చిపోయాయి. రెండు పిల్లలు తల్లుల పక్కనే నిలబడిపోయాయి. పొలం ఆయన్ని అరెస్టు చేశారు. ఏనుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, కరెంటు దొంగతనం కేసు వేరే. కేసుల మాట అటుంచండి. తెల్లవారుజామున మంచులో తడిసిన కాళ్ళతో ఆకు కోతకు తోటలోకి దిగేది మన ఇంటి ఆడవాళ్ళే, కూలికి వచ్చే వాళ్ళే. ఆ కంచె వాళ్ళను గుర్తు పట్టదు.

సోలారు కంచె పని చేసే తీరు వేరు. దాని మిషను సెకనుకొకసారి, కన్ను మూసి తెరిచేంత కూడా లేని క్షణం పాటు కొన్ని వేల వోల్టుల దెబ్బ ఇస్తాది. కొడుతాది, వదిలేస్తాది, జంతువు వెనక్కి పోతాది. 230 వోల్టుల ఇంటి కరెంటు ఆగకుండా పట్టుకుంటాది, కండరం బిగిసిపోయి వదిలించుకోలేరు. సోలారు మిషను ఐ.ఎస్. 302-2-76 ప్రమాణం ఉన్నదే కొనాలి. ఆ కంబికి ముళ్ళకంబి వాడకూడదు, చిక్కుకున్నది మనిషైనా మేకైనా బయటికి రాలేదు. దాని ఎర్తు కడ్డీ ఇంటి కరెంటు ఎర్తుకు కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. చైన్ లింకు కంచె మీద దీన్ని కడితే ఇన్సులేటరు లేకుండా ఎక్కడా ఆననీయకండి. గడ్డి పెరిగి కంబికి తగిలితే దెబ్బ భూమిలోకి పోతాది, కాబట్టి కింద వారానికొకసారి చెక్కాలి.

తమిళనాడులో 2023 నుంచి కరెంటు కంచెలకు నమోదు నియమాలు ఉన్నాయి. అడవి దగ్గర పొలాలవాళ్ళు కొత్తగా వేసేముందు జిల్లా అటవీ అధికారి అనుమతి తీసుకోవాలి, ముందే వేసుకున్నవాళ్ళు కూడా నమోదు చేయించుకోవాలి. పట్టా కాపీ, మిషను బిల్లు దగ్గర పెట్టుకుని గుడియాత్తం, పేర్ణాంబట్టు రేంజి ఆఫీసులో ముందు కనుక్కోండి.

చివరిగా, కొత్త కంచె వేశాక మిగిలిన పాత వలలు, పచ్చ పూత ముక్కలు, పైపు తునకలు తోటలో కుప్పేసి అంటించకండి. పీ.వీ.సీ. కాలితే వచ్చే పొగలో ఆమ్లం ఉంటాది. గాలి షెడ్డు వైపు తిరిగితే పురుగుకూ, ఆకుకూ రెండిటికీ దెబ్బ. ఇనుము పాత సామాన్ల అంగడికి తూకానికి వేయండి, ప్లాస్టిక్ కూడా విడిగా మూట కట్టి వాళ్ళకే ఇచ్చేయండి. తెగిన నైలాన్ వల చెట్ల మీద, గట్ల మీద వదిలితే నెమళ్ళు, పాములు చిక్కుకుంటాయి, దాన్నీ ఏరి ఆ మూటలోనే వేయండి.